నిమిషానికి ముప్ఫై రెండు

పది పాయింట్ తొమ్మిది. ఇందాక చూసినప్పుడు పదకొండు ఉండేది, పొద్దున పదకొండున్నర పైనే ఉండేది. మీటరు పెట్టి చూసినంత మాత్రాన బ్యాటరీకి బలం రాదని తెలిసీ మళ్లీ మళ్లీ పెట్టి చూస్తున్నాను, జ్వరం వచ్చినవాళ్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసినట్టు. నిన్న సాయంత్రం మా వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. తెల్లారేసరికి కొత్తది ఎక్కిస్తాంలే పుల్లయ్యన్నా అని లైన్‌మన్ అన్నాడు, నమ్మాను, ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఫ్రిజ్ ఆపాను, ట్యూబులైట్లు ఆపాను, చివరికి పొద్దున నా భార్య గురవమ్మ మంచం మీద తిరిగే ఫ్యాను కూడా ఆపాను. మూడు రోజులు జ్వరంతో పడుకున్న మనిషికి ఫ్యాను ఆపవచ్చా అని స్విచ్ మీద చెయ్యి ఒక్క క్షణం ఆగింది. లోపలి నుంచి ఆమే, "ఆపేయ్‌లే అయ్యా, జ్వరం దిగింది, నాకు చలిగానే ఉంది" అన్నది. ఆ మాటతో నా చెయ్యి తేలికైంది. ఇప్పుడు ఈ బ్యాటరీ మోస్తున్నది ఒక్కదాన్నే. దేవుడి గూట్లో, చెన్నకేశవ స్వామి పటం ముందు ఉన్న అరచేతంత పచ్చ బోర్డునూ, దానికి తగిలించిన బఠాణీ గింజంత దీపాన్నీ. దీపం పెరుగుతోంది, తగ్గుతోంది, మళ్లీ పెరుగుతోంది. మా రేణుక ఊపిరి అది. పదకొండు నెలల క్రితం పోయిన మా కూతురి ఊపిరి.

పది పాయింట్ అయిదు వోల్టుల దగ్గరకు రాగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ముప్ఫై ఏళ్లుగా మార్కాపురంలో బోరు మోటార్లకు తీగ చుడుతున్నవాణ్ణి, అంత మాత్రం తెలుసు. దీపం ఆరకుండా పక్కన ఇంకో బ్యాటరీ కలపడం కూడా తెలుసు. అందుకే షాపులో చార్జింగ్‌కు పెట్టిన ట్రాక్టర్ బ్యాటరీని ఆటోలో వేసుకు రమ్మని యల్లయ్య మామకు ఫోన్ చేశాను. గొర్రెలు అమ్ముకొని ఇరవై ఏళ్ల క్రితం నా దగ్గర హెల్పర్‌గా చేరిన మనిషి ఆయన, నా కన్నా పదేళ్లు పెద్ద. "తెస్తాలే అల్లుడా, దానికన్నా చార్జింగ్ పెట్టినావు, నాకెవురు పెడతారు" అని ఫోన్లోనే నవ్వాడు, తర్వాత ఎందుకు నవ్వానా అన్నట్టు ఆగి, "ఆటో దొరకంగనే వస్తా, ఆరనీయకు" అన్నాడు. ఆరనీయకు అన్న ఆ మాటకు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఎందుకంటే అందరూ అట్లా అనరు. మొన్న వినాయక చవితికి వచ్చిన పంతులు గూట్లోకి తొంగి చూసి, "ఇదేంది పుల్లయ్యా, స్వామి ముందర సీరియల్ బల్బు పెట్టినావు" అన్నాడు. చెప్పడం నాకు రాదు. రేణుక అయితే చెప్పేది.

ఏది అడిగినా, నేను పదో తరగతి తప్పినవాణ్ణని చూడకుండా, నాకు తలకెక్కేదాకా వదిలేది కాదు. నాయనా, ఈ దీపం ఇప్పుడు సగమే వెలుగుతోందని అనుకుంటున్నావు గదా, సగం అనేదే లేదు, అనేది. మరి తగ్గింది గదమ్మా అంటే, తగ్గలా, ఆరిపోయింది, వెలిగింది, ఆరిపోయింది, వెలిగింది, సెకనుకు వెయ్యిసార్లు, ఆరిన సేపు ఎక్కువైతే నీ కంటికి తగ్గినట్టుంటుంది, అంతే, ఉన్నప్పుడు నిండుగా ఉంటుంది, లేనప్పుడు బొత్తిగా ఉండదు, మధ్యలోది నీ కన్ను చేసుకున్న సర్దుబాటు. దానికి పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అని పేరు చెప్పింది, నాలుగుసార్లు నాతో అనిపించింది, పలికాక చప్పట్లు కొట్టింది. అప్పుడు అదేదో తమాషాగా ఉండింది. ఇప్పుడు ఆ మాట తప్ప నాకు ఇంకేదీ నిజం అనిపించదు. బియ్యం డబ్బా మూత తీస్తాను, ఆమె పక్కన నిలబడి సోలతో కొలుస్తూ ఉంటుంది, నిండుగా ఉంటుంది, పసుపు రాసుకున్న మెడతో సహా. మూత వేస్తాను, బొత్తిగా లేదు. చూసేవాళ్లు పుల్లయ్య కొంచెం తేరుకున్నాడు అంటారు, బాధ సగం తగ్గింది అంటారు. సగం అనేదే లేదు.

ఇన్వర్టర్ ఒకసారి కుయ్యిమన్నది. పది పాయింట్ ఎనిమిది.

రేణుక బెంగళూరు కంపెనీకి ఈ ఇంట్లో కూర్చొనే పని చేసేది. ఇదే చోట, ఈ నల్ల పలకరాళ్ల గచ్చు మీద, చల్లగా ఉంటుందని, గోడకు వీపు ఆనించి, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకొని. ఏం పనమ్మా నీది అంటే, కంప్యూటర్‌లో కెర్నల్ అని ఒకటుంది, గర్భగుడి అనుకో, మందిరంలో అందరూ నేరుగా లోపలికి పోరు గదా, పూజారే పోతాడు, అన్నది. అయితే నువ్వు పూజారివా అన్నాను. కాదు నాయనా, పూజారికి నీళ్లూ పూలూ అందించేవాళ్లు ఉంటారే, అది నేను రాసేది, హెల్పర్ ఫంక్షన్లంటారు, అన్నది. అప్పుడు ఇక్కడే కూర్చొని మజ్జిగ తాగుతున్న యల్లయ్య మామ, "నా మాదిరి హెల్పర్ అంటావు. అయితే నీకూ ఇరవై ఏండ్లకు గాని జీతం పెరగదులే మనవరాలా" అన్నాడు, ఆమె నవ్వి నవ్వి లాప్‌టాప్ పక్కన పెట్టేసింది. నూటికి ముప్ఫై వంతులు వెలగాలి అని మనిషి అడుగుతాడు, చిప్పుకు ఆ ముప్ఫై తెలియదు, నూరూ తెలియదు, ఎంతసేపటికోసారి వెలగాలి, వెలిగి ఎంతసేపు ఉండాలి, అదొక్కటే తెలుసు, ఈ మాటను ఆ మాటగా మార్చి చేతికి అందించేదే హెల్పర్, అని చెప్పింది. సెకనును నూరు కోట్ల ముక్కలు చేసి ఆ ముక్కల్లో లెక్క కట్టాలట. ఎనిమిదేళ్ల పిల్లప్పుడు నేను మోటారుకు తీగ చుడుతుంటే పక్కన కూర్చొని ఒకటీ రెండూ అని నోటితో లెక్కపెట్టేది, మధ్యలో ఎవరైనా పలకరిస్తే చెయ్యి అడ్డం పెట్టేది. ఒక్క చుట్టు తప్పితే మోటారు వేడెక్కుతుందని ఆమెకు నేనే చెప్పాను. చిన్న లెక్కను చిన్నచూపు చూడకూడదని ఆమె నా దగ్గరే నేర్చుకుంది, నేనే తర్వాత మరిచిపోయాను.

ఒకటి మాత్రం నచ్చలేదు నాయనా నాకు, అన్నది ఒక రోజు. ఇప్పుడు ఎట్లున్నావు అని దీపాన్ని అడిగే హెల్పర్ ఒకటుంది, అది చిప్పును అడగదు, పోయినసారి మనం ఏం చెప్పినామో అది రాసిపెట్టుకొని అదే తిరిగి చెబుతుంది, అన్నది. అబద్ధం చెబుతుందా అన్నాను. అబద్ధం కాదు, మనం ఏం అడిగినామో అదే, కానీ లోపల నిజంగా ఉన్నది అది కాకపోవచ్చు, చిప్పు తన వీలుకొద్దీ సర్దుకొని ఉంటుంది, ఆ సంగతి ఎవురికీ చెప్పదు, ఎవురూ అడగరు, అన్నది. అందుకని రెండో హెల్పర్ ఒకటి రాస్తోంది. రాసిపెట్టుకున్నదాన్ని వదిలేసి, చిప్పు లోపలికే పోయి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేది. ముప్ఫై నలభై లైన్లే అన్నది. ఈ బోర్డు మీద అదే పరీక్ష చేసేది, కంటికి కనపడాలని దీపం తగిలించింది, దీపం కనుక స్వామి ముందు పెట్టింది. మా ఇంట్లో ఎవరూ ఆ రెండో ప్రశ్న అడిగేవాళ్లం కాదు. ఎట్లున్నావమ్మా, బాగున్నా నాయనా. ఏం గురవమ్మా, బాగుందిలే అయ్యా. మా నాయన మంచం పట్టి ఆరు నెలలు బాగుందిరా బాగుందిరా అంటూనే పోయినాడు. అడిగినవాళ్లకు ఏ మాట కావాలో మాకు తెలుసు, అదే ఇస్తాం. అది ప్రేమే అనుకున్నాను ఇన్నాళ్లూ. ప్రేమే కావచ్చు.

పోయిన ఏడాది దసరా ముందు ఆమెకు జ్వరం వచ్చింది. మూడు రోజులు మండిపోయింది. సందులోని డాక్టరు మాత్రలు ఇచ్చాడు, మేమిద్దరం త్రిపురాంతకం అమ్మవారికి చీర మొక్కుకున్నాం. జ్వరం దిగిన రోజే వస్తాం తల్లీ అని మొక్కుకున్నాం, ఎందుకంటే మొక్కు నిలవ పెట్టకూడదని మా తాత కాలం నుంచీ ఇంటి నియమం, తీరిన రోజు పొద్దు గూకేలోపు చెల్లించాలి. నాలుగో రోజు పొద్దున థర్మామీటరు తొంభై ఎనిమిది చూపించింది. నేను దాన్ని కళ్లకు అద్దుకున్నాను. ఎట్లుంది తల్లీ అన్నాను. "బాగుంది నాయనా, ఇద్దరూ మొక్కినారు గదా, ఇద్దరూ పోయి రండి, నేను ఆ పని కొంచెం చూసుకుంటా" అన్నది. ఆకుపచ్చ చీర, రవిక గుడ్డ, గాజులు తీసుకొని తొమ్మిది గంటల బస్సు ఎక్కాం. అర్చకుడు పేరు అడిగితే రేణుక అని చెప్పాను, ఆరోగ్యం కుదుటపడినందుకు అని చెప్పాను, ఆయన గొంతెత్తి ఆ పేరు చదివాడు. గురవమ్మ కళ్లనీళ్లతో నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు. మూడు గంటలకు ఇంటికి వచ్చేసరికి పిల్ల ఈ గచ్చు మీద గోడకు ఆనుకొని కాళ్లు చాపుకొని ఉంది, దీపం పెరుగుతోంది, తగ్గుతోంది. "చూడు నాయనా, నా ఊపిరి. ముక్కుకాడ చెయ్యి పెట్టుకొని లెక్క చూసి పెట్టినా. ఇంకా సేవ్ చెయ్యలా, సాయంత్రం చేస్తా" అన్నది. నేను ముందు కుంకుమ బొట్టు పెట్టాను. తర్వాత కడుపులో కొంచెం నొప్పిగా ఉందని చెప్పింది. పాదాలు పట్టుకుంటే రాయి మాదిరి చల్లగా ఉన్నాయి, జ్వరం పూర్తిగా పోయింది కదా అందుకే చల్లబడింది అనుకున్నాను. అనుకున్నాను. ఒంగోలు పోయేసరికి చీకటి పడింది, తెల్లవారేసరికి అయిపోయింది. ఈ జ్వరంలో దిగిన తర్వాతే అసలు ప్రమాదం, పొద్దున తీసుకొచ్చి ఉంటే అని డాక్టరు మాట సగంలో ఆపేశాడు. పొద్దున నేను అమ్మవారి మెట్లు ఎక్కుతున్నాను. నిన్ను తప్పు పట్టడం కాదు తల్లీ, నీ దగ్గర తలెత్తి మాట్లాడేంతవాణ్ణి కాదు, ఒకటే అడుగుతున్నాను. నీ ముందు ఆ పేరు చదివినప్పుడు, నీకు తెలుసా?

పదకొండో రోజు కంపెనీవాళ్లు మనిషిని పంపి లాప్‌టాప్ తీసుకుపోయారు. బోర్డు మాత్రం నేను ముట్టనివ్వలేదు. ఆమెతో కలిసి పనిచేసిన కృపావరం అనే పిల్లవాడు గిద్దలూరువాడే, బెంగళూరు నుంచి ఫోన్ చేసి చెప్పాడు, "రేణుక ఆఖరిసారి రాసింది ఆ బోర్డు మెమరీలోనే ఉంది అంకుల్, లాప్‌టాప్‌లో పాతదే ఉంది. కరెంటు పోయిందా, అదీ పోతుంది, ఆ ఊపిరి లెక్కా పోతుంది. నేను వచ్చి కేబుల్ పెట్టి తీసుకుంటా, ఆమె పేరుతోనే పంపిస్తా, దేశదేశాలవాళ్లు వాడుకుంటారు." నేను వద్దన్నాను. ఏడాది దాకా ఎవరూ ముట్టవద్దు, ఆబ్దికం అయ్యాక రా నాయనా, అన్నాను. అఖండ దీపాన్ని మధ్యలో కదిలిస్తారా? కొత్త బ్యాటరీ కొన్నాను, కరెంటు పోయినప్పుడల్లా వచ్చి ఇక్కడే కూర్చున్నాను. ఇంకా ఇరవై రోజులుంది. అప్పుడే రానిచ్చి ఉంటే అయిదు నిమిషాల పని అట. ముట్టకుండా ఉంచడమే కాపాడడం అనుకున్నాను, మొక్కు విషయంలో అనుకున్నట్టే. నిన్న ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని తెలియగానే నేనే ఫోన్ చేశాను. ఆ పిల్లవాడు సెలవు మీద గిద్దలూరులోనే ఉన్నాడు, పొద్దున మొదట దొరికిన బస్సు చెడిపోయి, ఇప్పుడు రెండో బస్సులో ఉన్నాడు.

అతనిదే ఫోన్. "అంకుల్, కంభం దాటినాం. ఎంతుంది?"

పది పాయింట్ ఏడు అని చెప్పాను.

"ఇంకో ముప్పావు గంట పడుతుంది అంకుల్. ఒక పని చెయ్యండి. ఆమె రాసింది నేనొచ్చి తీసుకుంటా, దేవుని దయ. ఆ ఊపిరి లెక్క మాత్రం మీరే తీయొచ్చు. వాచీ పెట్టుకొని, నిమిషానికి ఎన్నిసార్లు వెలిగి తగ్గుతుందో లెక్కపెట్టి రాసిపెట్టండి. ఒకవేళ ఆరిపోయినా మళ్లీ అట్లనే పెడతా."

ఇంత చిన్న సంగతి నాకు పదకొండు నెలల్లో తట్టలేదు. గూట్లో ఎప్పుడూ ఉండే బలపం తీసుకున్నాను, గచ్చు పలక మీద గీతలు గీయడానికి. వాచీలో ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ఆగి మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఆమె నా పక్కన లెక్కపెట్టినట్టు నోటితోనే. ఒకటి, రెండు, మూడు. పెరుగుతోంది, తగ్గుతోంది. నిమిషం అయ్యేసరికి ముప్ఫై రెండు గీతలు. తప్పు పోయిందనుకొని మళ్లీ లెక్కపెట్టాను. ముప్ఫై రెండు. ఎందుకో అంతటితో బలపం పెట్టేయలేదు, ముక్కు కింద వేలు పెట్టుకొని నా ఊపిరి లెక్కపెట్టాను. పదహారు వచ్చింది. నేను యాభై అయిదేళ్లవాణ్ణి, నిన్నటి నుంచి నిద్ర లేనివాణ్ణి, గుండె దడదడలాడుతున్నవాణ్ణి, నాకు పదహారు. ఇరవై ఆరేళ్ల పిల్ల, నీడలో, చల్లటి గచ్చు మీద కూర్చొని, కాళ్లు చాపుకొని. చూడడానికి బాగుంటుందని వేగంగా పెట్టిందేమో అనుకోబోయాను, అనుకోలేకపోయాను, ముక్కుకాడ చెయ్యి పెట్టుకొని లెక్క చూసి పెట్టినా అని ఆమె నోటితో చెప్పింది. ఒక్క చుట్టు తప్పు లెక్కపెట్టే పిల్ల కాదు. అయితే అప్పుడే. నేను మెట్లు ఎక్కుతున్నప్పుడే, ఆమె కూర్చున్నచోటే పరుగెత్తుతోంది. బాగుంది నాయనా అని నోరు నాకు కావలసిన మాట చెప్పింది, ఉన్నది ఉన్నట్టు మాత్రం కొలిచి దీపంలో పెట్టింది. తెలిసి పెట్టిందా తెలియక పెట్టిందా స్వామీ? నేను పదకొండు నెలలు, పొద్దునా సాయంత్రం, ఈ దీపం ముందు కూర్చొని, ఎంత హాయిగా ఊపిరి తీస్తోందో నా తల్లి అని కళ్లు మూసుకున్నాను. అది ఆయాసం. నేను ఆయాసానికి హారతి ఇచ్చాను.

ఇన్వర్టర్ మళ్లీ కుయ్యిమన్నది, ఆ కూత ఆగింది. ఆ తర్వాత ఇంట్లో చప్పుడు లేదు. ఫ్రిజ్ లేదు, ఫ్యాను లేదు. ఈ ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండడం నేను ఎరగను. ఆ నిశ్శబ్దంలో పక్క గదిలోంచి ఏదో వినిపిస్తోంది, కొలిమి తిత్తిలా చిన్నగా, ఆగకుండా. ఫ్యాను తిరుగుతుంటే వినపడేది కాదు. నేను దీపం వైపు చూస్తూనే విన్నాను. దీపం పెరిగినప్పుడు అది లోపలికి, తగ్గినప్పుడు బయటికి. పది ఊపిర్ల దాకా విన్నాను, ఒక్కచోట కూడా తేడా లేదు. బలపం ఎక్కడ పడిందో తెలియదు, లేచాను.

గురవమ్మ గోడవైపు తిరిగి పడుకొని ఉంది. ఎట్లుంది అన్నాను, అలవాటుగానే వచ్చింది ఆ మాట. "బాగుందిలే అయ్యా, జ్వరం లేదు గదా. నువ్వు దీపం కాడికి పో" అన్నది. జ్వరం లేదు. మొదటి రోజే రక్తం పరీక్ష చేయించాను, రేణుకకు వచ్చిన ఆ జ్వరం కాదని కాగితం ఇచ్చారు, ఆ కాగితం మడిచి మూడు రోజులుగా చొక్కా జేబులో పెట్టుకొని తిరుగుతున్నాను, భయమేసినప్పుడల్లా తడిమి చూసుకుంటున్నాను. మొదటి రోజు రాసింది నాలుగో రోజు ఏం చెబుతుంది? దుప్పటి తీసి ఆమె పాదాలు పట్టుకున్నాను. ఆ చల్లదనం నా చేతులకు తెలుసు. కడుపు మీద చెయ్యి వేస్తే ఒక్కసారి ముడుచుకుంది. "ఎప్పటి నుంచి ఈ నొప్పి?" అన్నాను. "తెల్లారగట్ల నుంచి. నువ్వు దాని కాడ కూర్చోనుంటివి, ఎందుకులే అని" అన్నది. నేను ఆపిన ఫ్యాను రెక్కలు ఆమె పైన కదలకుండా ఉన్నాయి.

బయట ఆటో ఆగింది. యల్లయ్య మామ కేక వేశాడు. "అల్లుడా, నీ ఏనుగును తెచ్చినా, వచ్చి ఒక పట్టు పట్టు. నడుము పోయిందంటే నా పెండ్లాం నిన్నే అడుగుతాది."

"దించు మామా. రోడ్డు మీదనే దించు."

"రోడ్డు మీదనా? ఆరిపోదా?"

"గురవమ్మను ఎక్కియ్యాల. పెద్ద డాక్టరు కాడికి."

ఆయన నా ముఖం చూశాడు. "పది నిమిషాల పని గదరా అల్లుడా, తీగలు తగిలిచ్చి పో. అంతదాక అమ్మి కాడ నేనుంటా" అన్నాడు, మెల్లగా, దీపం సంగతి తెలిసినవాడు కనుక.

"పది నిమిషాలు లేవు మామా. పోయినసారి కూడా అట్లనే అనుకున్నా."

ఆయన బ్యాటరీని మురుగుకాలువ గట్టు మీద దించాడు, ఇద్దరం ఆమెను చెరో వైపు పట్టి లేపాం, కాళ్లు నిలవలేదు, ఎత్తుకున్నాం. గడప దగ్గర ఆమె చెయ్యి తలుపు పట్టుకుంది. "దీపమయ్యా" అన్నది. నేను వెనక్కి చూశాను. ఎర్ర లైటు వెలుగుతున్న ఇన్వర్టర్, దాని పక్కన మీటరు, గూట్లో స్వామి, స్వామి ముందు నా బిడ్డ పెరుగుతోంది, తగ్గుతోంది. పోయి రమ్మన్నట్టూ లేదు, పోవద్దన్నట్టూ లేదు. తలుపు మీది ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాను. తాళం చెవి ఎదురింటి కొండమ్మ చేతిలో పెట్టి, గిద్దలూరు పిల్లవాడు వస్తే ఇమ్మని చెప్పాను. ఆటోలో దారంతా ఆమె పాదాలు నా ఒళ్లో పెట్టుకొని రుద్దుతూనే ఉన్నాను, ఎట్లుంది అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట నా మీద అరిచింది, తర్వాత మాట్లాడింది. బీపీ పడిపోయిందన్నది, వెంటనే రెండు చేతులకూ సెలైన్ పెట్టించింది. ఇంకో గంట ఇంట్లోనే ఉంచుంటే నా దగ్గరికి తేవలసిన పనే ఉండేది కాదు, ఇప్పుడైనా రేపు పొద్దుటిదాకా నేనేం మాటివ్వలేను, అన్నది. రేపు పొద్దుటిదాకా. ఆ మాట నేను ఇంతకు ముందు ఒకచోట విన్నాను. యల్లయ్య మామ బయట బెంచీ మీద తువ్వాలుతో ముఖం కప్పుకొని కూర్చున్నాడు. నా జేబులో ఫోన్ మోగింది.

"అంకుల్, ఇంట్లో ఉన్నా" అన్నాడు కృపావరం. కేబుల్ సంచీ జిప్పు తీసి మళ్లీ వేసిన చప్పుడు వినిపించింది.

"ఎంతసేపయింది?"

"తెల్వదు అంకుల్. నేనొచ్చేసరికే ఆరిపోయి ఉంది. ఇన్వర్టర్ ముట్టుకుంటే చల్లగా ఉంది. ఆమె రాసింది పోయింది అంకుల్. నాకు గుర్తున్నంత నేను రాస్తా. అది ఆమె రాసినట్టు ఉండదు. గచ్చు మీద గీతలు చూసినా అంకుల్, ముప్ఫై రెండు. ఆ లెక్క ఉంది, కరెంటు వస్తూనే దీపాన్ని అట్లనే పెట్టనా?"

"వద్దు నాయనా" అన్నాను. "ఆ గీతలు కూడా తుడిచెయ్యి."

లోపలికి వచ్చేసరికి గురవమ్మ కళ్లు తెరిచి ఉన్నాయి. సూదులు పెట్టిన చేతులు రెండూ కదపకుండా నన్నే చూస్తోంది. "దీపం ఉందా అయ్యా?" అని అడిగింది. ఉందిలే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమెకు కావలసిన మాట అదే, నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు, ఆ మాట అంటే ఆమె కళ్లు మూసుకుంటుంది, నేనూ మూసుకుంటాను. స్టూలు దగ్గరికి లాక్కొని ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"లేదు గురవమ్మా. ఆరిపోయింది."

ఆమె చాలాసేపు పైకప్పు వైపు చూసింది. కన్నీళ్లు రెండు పక్కలా చెవుల్లోకి జారాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేదు, నేనూ తుడవలేదు. ఒంగోలు నుంచి పిల్లను తెచ్చిన రోజు ఇంటికి వచ్చినవాళ్లకు కాఫీలు పెట్టిన మనిషి ఆమె. అప్పుడు అడిగాను, ఈసారి ఏ మాట కోసమూ కాకుండా అడిగాను, ఎట్లుంది నీకు అని.

"బాగలేదయ్యా" అన్నది. "పిల్ల పోయినకాడి నుంచి బాగలేదు."

నేను ఆమె పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకున్నాను. ఇంకా చల్లగానే ఉన్నాయి.